తేనెటీగ కుట్టినప్పుడు అడ్రినలిన్ సూది ఎవరు వేయాలి?

కరోనా టీకా వేయించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోమనేవాళ్లు. చాలామంది ఆ అరగంటా ఫోన్ చూసుకుంటూ గడిపేశారు, కొందరు పది నిమిషాలకే లేచి వెళ్లిపోయారు. అది జ్వరం చూడడానికి పెట్టిన సమయం కాదు. ఏ ఒక్కరికైనా టీకా ఒంటికి సరిపడక ఒళ్లంతా అలర్జీ కమ్ముకుంటే, మనిషి కుప్పకూలేలోగా తొడ కండలోకి అడ్రినలిన్ వేయడానికి పెట్టిన సమయం.

ఆ పని కోసం ఏఎన్ఎం దగ్గర ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఒక్కో మిల్లీలీటరు అడ్రినలిన్ ఉన్న గాజు ఆంప్యూల్స్ మూడు, ఒక మిల్లీలీటరు సిరంజిలు, అంగుళం పొడవున్న సూదులు, దూది, ఏ వయసుకు ఎంత వేయాలో రాసిన కాగితం, మెడికల్ ఆఫీసర్‌దీ అంబులెన్స్‌దీ ఫోన్ నంబర్లు. రియాక్షన్ అని అనుమానం వస్తే డాక్టర్ కోసం ఆగకుండా ఒక డోసు వేసి, వెంటనే పెద్దాసుపత్రికి పంపొచ్చని కేంద్ర ప్రభుత్వ టీకా మార్గదర్శకాలు ఏఎన్ఎంకు చెబుతున్నాయి.

ఇప్పుడు అదే ఏఎన్ఎం, అదే సబ్‌సెంటర్. టీకాల రోజు కాదు. తాటిచెట్టు మీద తేనెటీగలు కుట్టిన గీత కార్మికుణ్ని ఇద్దరు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారనుకుందాం. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురుపోయింది. డబ్బా బీరువాలోనే ఉంది. మందు అదే, జబ్బు అదే, వేయాల్సిన చోటూ అదే. కానీ ఆ కాగితం టీకా వేయించుకున్న మనిషి గురించే మాట్లాడుతుంది. వేశాక మనిషి దక్కకపోతే రేపు అడిగేవాళ్లకు ఏం చూపించాలి? ఆ భయంతో ఆమె 108కు ఫోన్ చేసి ఎదురుచూస్తే తప్పు పట్టడం కష్టం.

డాక్టర్ కానివాళ్లు, కానీ ప్రమాదం దగ్గరికి అందరికంటే ముందు చేరేవాళ్లు ఈ సూది వేయొచ్చంటూ అమెరికాలో ఒక్కో రాష్ట్రం చేసుకుంటూ వచ్చిన చట్టాలు సరిగ్గా ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే. వాటిని ఇక్కడ మక్కీకి మక్కీ దించుకోవాల్సిన పని లేదు. మన దగ్గర సగం పని ఎప్పుడో అయిపోయింది, టీకా గదిలో. మిగిలిన సగం ఆ గది గడప దాటించడమే.

ముందు జబ్బు సంగతి. తేనెటీగ విషమో, పెన్సిలిన్ లాంటి మందో, వేరుశనగ గింజో ఒంట్లోకి వెళ్తే కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మరోసారి అదే తగిలినప్పుడు కణాల్లోంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, గొంతు లోపల వాస్తుంది, ఊపిరిగొట్టాలు బిగుసుకుంటాయి. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. అడ్రినలిన్ ఈ మూడింటినీ ఒకేసారి వెనక్కి తిప్పుతుంది. వదులైన నాళాలను బిగిస్తుంది, వాపు తగ్గిస్తుంది, ఊపిరిగొట్టాలను తెరుస్తుంది. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, అంటే ఆంప్యూల్‌లో సగం, తొడ బయటివైపు కండలోకి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మరో డోసు.

మన ఊళ్లలో అలర్జీ అనగానే గుర్తొచ్చేది ఏవిల్. దానికి తోడు డెక్సా అనే స్టెరాయిడ్. ఈ రెండు సూదులూ పడితే పని అయిపోయిందనే నమ్మకం ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, పట్టణాల్లోని నర్సింగ్ హోమ్‌లలో కూడా అడ్రినలిన్ గుర్తొచ్చేది ఆఖర్నే. ఏవిల్ దురదను తగ్గిస్తుంది, దద్దుర్లను తగ్గిస్తుంది. పడిపోయిన బీపీని లేపలేదు, పూడుకుపోతున్న గొంతును తెరవలేదు. స్టెరాయిడ్ పనిచేయడం మొదలుపెట్టేసరికే గంటలు గడుస్తాయి. అవి వేయకూడదని కాదు. అడ్రినలిన్ పడ్డాక వేయాలి, దానికి బదులుగా కాదు.

ఎంత సమయం ఉంటుంది? బ్రిటన్‌లో అలర్జీ మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గుండె లేదా ఊపిరి ఆగిపోయేదాకా పట్టిన మధ్యస్థ సమయం తిండి వల్ల అయితే 30 నిమిషాలు, పురుగు కాటు వల్ల అయితే 15, వైద్యంలో భాగంగా ఇచ్చిన మందుల వల్ల అయితే 5 నిమిషాలు. ఈ మూడు అంకెలను ఉత్తర తెలంగాణ పటం మీద పెట్టి చూడాలి. మేడారం నుంచి వరంగల్ ఎంజీఎంకు దాదాపు వంద కిలోమీటర్లు. ఏటూరునాగారం, మంగపేట అవతలి గూడేల నుంచైతే ముందు రోడ్డు దాకా రావడమే ఒక ప్రయాణం. పెద్దాసుపత్రి ఎంత మంచిదైనా, అక్కడ ఎంత మంది డాక్టర్లున్నా, ఆ పదిహేను నిమిషాల లెక్కలోకి రాదు. అంబులెన్స్ కూడా చాలాసార్లు రాదు. వచ్చేది ఊళ్లో ఉన్న మనిషే.

ఇక్కడ తేనెటీగలు కుట్టడం అరుదైన ముచ్చటేం కాదు. ఎండాకాలం జిల్లా పేజీలు తిరగేస్తే తెలుస్తుంది. ఉపాధి హామీ పని దగ్గర చెట్టు కింద కూర్చున్న కూలీల మీద పడ్డాయని, దహన సంస్కారాల పొగకు లేచి పాడె మోసినవాళ్లను తరిమాయని, కట్ట మైసమ్మ దగ్గర వంటల పొగకు మర్రిచెట్టు తుట్టె కదిలిందని. తాడెక్కే గీత కార్మికుడికి ఇది రోజూ ఉన్న గండం. మోకు మీద వేలాడుతున్నవాడు పరుగెత్తలేడు. అడవిలో తేనె తీసేవాళ్ల సంగతి సరేసరి.

కుట్టిన ప్రతి ఒక్కరికీ అనాఫిలాక్సిస్ రాదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొండ తేనెటీగలు గుంపుగా పడి వందల చోట్ల కుట్టినప్పుడు జరిగేది వేరు. అక్కడ చంపేది అలర్జీ కాదు, విషం మోతాదు. కండరాలు దెబ్బతింటాయి, ఒకట్రెండు రోజుల్లో కిడ్నీలు మొరాయిస్తాయి. అడ్రినలిన్ ఆ విషానికి విరుగుడు కాదు. అలాంటివాళ్లకు కావాల్సింది ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానలో సెలైన్లు, రక్తపరీక్షలు, అవసరమైతే డయాలసిస్. ఒకటి రెండు కుట్లకే పది నిమిషాల్లో కళ్లు తేలేసిన మనిషికి మాత్రం అడ్రినలిన్‌ను మించింది లేదు. గుంపు దాడిలో ఈ రెండూ కలిసి కూడా రావచ్చు. ఎవరికి సూది కావాలో, ఎవరికి సెలైన్ కావాలో తేడా తెలియకుండా చట్టం చేస్తే అది రెండేళ్లలో అపనమ్మకం పాలవుతుంది.

అమెరికా దారి ఎలా నడిచిందో చూద్దాం. తొడకు ఆనించి నొక్కితే దానంతటదే సూది దిగి మందు పడే ఎపిపెన్ 1987లో అక్కడ మార్కెట్‌లోకి అనుమతి పొందింది. చాలాకాలం అది రోగి సొంత వస్తువు. డాక్టర్ ఆ మనిషి పేరు మీద చీటీ రాస్తేనే దొరికేది. అంబులెన్స్‌లో కింది స్థాయి సిబ్బంది కూడా చాలాచోట్ల రోగి జేబులో ఉన్న పెన్ను వాడడానికి సాయం చేయాలే తప్ప సొంతంగా ఉంచుకోకూడదు. జేబులో పెన్ను లేనివాడి గతి అంతే. 2013లో వచ్చిన కేంద్ర చట్టం, ఎవరి పేరూ లేకుండా పెన్నులను నిల్వ ఉంచే బడులున్న రాష్ట్రాలకు నిధుల్లో ప్రాధాన్యం ఇస్తానంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ బడులకు అనుమతిస్తూ చట్టాలు తెచ్చాయి. తర్వాత వంతు పోలీసులది. 2016లో ఇల్లినాయిస్ రాష్ట్రం, శిక్షణ పొందిన పోలీసులు ఈ పెన్నులు వెంట ఉంచుకుని వాడొచ్చని చట్టం చేసింది. న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు అదే బాట పట్టాయి. పోలీసు బండి చాలాసార్లు అంబులెన్స్ కంటే ముందు చేరుతుందన్నదే అక్కడి వాదన.

ఈ చట్టాల్లో పైకి కనిపించేది పెన్ను. అసలు సరుకు మూడు వాక్యాల్లో ఉంటుంది. ఒకటి, ఒక డాక్టర్ ఫలానా రోగికి కాకుండా ఫలానా లక్షణాలున్న ఎవరికైనా ఇవ్వొచ్చని ముందే రాసిపెట్టే స్థాయీ ఆదేశం. రెండు, ఇంత శిక్షణ, ఇన్నాళ్లకోసారి మళ్లీ శిక్షణ. మూడు, మంచి ఉద్దేశంతో వేసినవాళ్ల మీద దావా పడదన్న రక్షణ. కళ్లు మూసుకుని చేసిన ఘోర నిర్లక్ష్యానికి మాత్రం ఆ రక్షణ ఉండదు. బ్రిటన్ మరో తోవ తొక్కింది. అక్కడ 2012 నాటి మందుల నిబంధనల్లో ఒక జాబితా ఉంది. ప్రాణం కాపాడడానికి అత్యవసరంగా ఎవరైనా వేయగల సూదిమందులు అందులో ఉంటాయి, అడ్రినలిన్ వాటిలో ఒకటి. ఇన్ని రాష్ట్రాలు ఇన్ని చట్టాలు రాసుకున్న పనిని ఒక పట్టికలో తేల్చేశారు.

ఇప్పుడు మన చట్టాలు. వినడానికి కొంచెం విసుగైనా ముడి అంతా ఇక్కడే ఉంది.

వైద్యం చేయడానికి రిజిస్టర్ అయిన డాక్టర్లకే హక్కు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం కానివాళ్లు చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అయినా ఏఎన్ఎం టీకా గదిలో అడ్రినలిన్ వేయగలుగుతోంది. ఎందుకంటే అది ఆమె సొంత వైద్యం కాదు, ప్రభుత్వ కార్యక్రమంలో రాతపూర్వకంగా అప్పగించిన పని. మందుల నిబంధనల్లోని షెడ్యూల్ కె కూడా ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద సబ్‌సెంటర్ సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చే మందులకు అమ్మకపు లైసెన్స్ అక్కర్లేదంటుంది. కాబట్టి అనుమతికి తలుపు మూసి లేదు, దగ్గరికి వేసి ఉంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోనివి. టీకా తర్వాత అన్న చోట ఏ కారణం వల్లనైనా అని చేర్చే ఉత్తర్వును హైదరాబాద్‌లోనే రాయొచ్చు.

రక్షణ సంగతి అంత తేలిక కాదు. రోడ్డు మీద పడ్డవాణ్ని ఆదుకున్నవాళ్లకు రక్షణ ఉందని ఇప్పుడు చాలామందికి తెలుసు. 2016లో సుప్రీంకోర్టు ఇందుకోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. కానీ అది వాహన ప్రమాదాలకే. లారీ గుద్దినవాడికి సాయం చేస్తే చట్టం వెనక నిలబడుతుంది. అదే రోడ్డు పక్క చెట్టు కింద తేనెటీగ కుట్టినవాడికి చేస్తే ఆ సెక్షన్ వర్తించదు. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ కొంత ఊరట. స్పృహలో లేని మనిషి మేలు కోరి చిత్తశుద్ధితో చేసిన పని నేరం కాదంటుంది. పాత ఐపీసీ 92నే అది.

అదే సంహితలో 106వ సెక్షన్ చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే శిక్ష ఐదేళ్ల దాకా. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్ విషయంలో మాత్రం రెండేళ్ల దాకా. డాక్టర్ మీద క్రిమినల్ కేసు పెట్టేముందు ఘోర నిర్లక్ష్యం ఉందో లేదో మరో డాక్టర్‌ను అడగాలని సుప్రీంకోర్టు 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. అంటే ఎంబీబీఎస్ చదివినవాళ్లకు రెండంచెల గొడుగు. పల్లె దవాఖానలో ఉన్న నర్సుకు, 108 అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీకి, రేపు శిక్షణ ఇచ్చి పంపే కానిస్టేబుల్‌కు ఆ తక్కువ శిక్ష వర్తిస్తుందని సెక్షన్‌లో లేదు. ప్రాణం పోయే చోటికి ముందుగా చేరేవాళ్లకే గొడుగు చిన్నదైంది. పైగా ఊళ్లలో భయం సెక్షన్ల గురించి కాదు. శవాన్ని దవాఖాన ముందు పెట్టి ధర్నాకు కూర్చుంటారని, ఫోన్లో వీడియో తీసి సూది వికటించి మృతి అని తిప్పుతారని. ఆ క్షణంలో ఏఎన్ఎం చేతిలో ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఉంటే మాట వేరు. కాగితం లేకపోతే ఎంత మంచి చట్టమైనా కోర్టు దాకా వెళ్లాకే పనికొస్తుంది.

108 పరిస్థితి కాస్త నయం. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సర్వీసులో ఈఎంటీ కాల్ సెంటర్‌లోని డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి మందు వేసే పద్ధతి ఉంది. మామూలు రోజుల్లో అది మంచి కట్టడే. తాడ్వాయి అడవిలో సిగ్నల్ లేని మలుపులో, రోగికి గొంతు పూడుకుపోతుంటే, ఆ ఫోన్ తగిలేదాకా ఆగమనడం మాత్రం న్యాయం కాదు. గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడానికి ఎవరూ ఫోన్ చేసి అనుమతి అడగరు కదా. అనాఫిలాక్సిస్‌కు మొదటి డోసును కూడా ఆ వరసలోనే చేర్చాలి. రెండో డోసుకు ఫోన్ చేయొచ్చు.

ఈ చర్చలో ఎవరూ పేరెత్తని మనిషి ఒకరున్నారు. ఆర్ఎంపీ. చట్టం దృష్టిలో ఆయన లేడు, ఉంటే నేరస్తుడు. ఊరి దృష్టిలో డాక్టర్ సాబ్. రాత్రి పదింటికి తేలు కుట్టినా, తేనెటీగ కుట్టినా ముందు తట్టేది ఆయన తలుపే. ఆయన చేతిలో ఏవిల్ ఉంటుంది, డెక్సా ఉంటుంది, సెలైన్ ఉంటుంది. అడ్రినలిన్ ఉన్నచోట్లు తక్కువ. ఉన్నా, గుండె ఆగితేనే వేసే మందని భయం. ఇంకో కోణం కూడా ఉంది. జ్వరానికి, నొప్పికి ఆయన వేసే యాంటీబయాటిక్, డైక్లోఫెనాక్ సూదులే కొందరిలో అనాఫిలాక్సిస్ తెచ్చిపెడతాయి. అధ్యయనంలో ఐదు నిమిషాలన్నది ఇలా వైద్యంలో భాగంగా ఇచ్చిన మందుల గురించే. తమకు శిక్షణ ఇచ్చి గుర్తింపు ఇవ్వాలని ఆర్ఎంపీల సంఘాలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి, డాక్టర్ల సంఘాలు ఒప్పుకోవు. అడ్రినలిన్ పేరుతో ఆ గుర్తింపును దొడ్డిదారిన ఇవ్వకూడదు. ఒక మందు చేతికిస్తే పది మందులకు లైసెన్స్ వచ్చినట్టు ప్రచారమవుతుంది. కానీ ఏవిల్ వేసి గంటసేపు చూద్దాం అనే అలవాటును మాన్పించడానికి ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటుంది. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మంచం మీద ఉంచుకోవద్దు, డబ్బా ఉన్న ఏఎన్ఎంను పిలిపించు. అది చెప్పడానికి చట్టం అక్కర్లేదు.

రోగిని తరలించే తీరు గురించి కూడా ఎవరూ చెప్పరు. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తేవడం మన దగ్గర మామూలు. బీపీ పడిపోయిన మనిషికి దానంత చెడ్డ భంగిమ లేదు. నిటారుగా ఉంటే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండెకు పంపు చేయడానికి ఏమీ మిగలదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరాడక కూర్చుంటానంటే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి. ట్రాలీ ఆటోలో చాప పరిచి పడుకోబెట్టి తేవడం బండికంటే మేలు.

మందు ఖరీదు అడ్డంకి కాదు. ఎపిపెన్ జంట ధర అమెరికాలో 2007లో వంద డాలర్ల ప్రాంతంలో ఉండి 2016 నాటికి 600కు పాకి పెద్ద గొడవైంది. ఆ పెన్ను మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకదు కూడా. అమెరికాలోనే సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ అంబులెన్స్ సిబ్బంది 2014లో పెన్నులు పక్కనపెట్టి, సీసా, సిరంజి ఉన్న కిట్‌తో వేయడం నేర్చుకున్నారు. మన ఏఎన్ఎం డబ్బా కూడా అదే రకం. ఆంప్యూల్ ధర కొన్ని పదుల రూపాయలు దాటదు, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే.

చిక్కల్లా చేతులు వణికేటప్పుడు ఆంప్యూల్ మెడ విరిచి, అర మిల్లీలీటరు దగ్గర ఆపి లాగడం. కంగారులో మొత్తం లాగేస్తారు, లేదా నరానికి వేసేస్తారు. తొడ కండలోకి పడిన అర మిల్లీగ్రాము గుండె దడ, వణుకు తెస్తుంది, కాసేపటికి తగ్గుతాయి. అదే నేరుగా నరానికి వేగంగా పడితే గుండె లయ తప్పొచ్చు. అందుకే శిక్షణ అంటే గంటన్నర ఉపన్యాసం కాదు. ఖాళీ ఆంప్యూల్స్‌తో, నీళ్లతో, నారింజ పండు మీదైనా సరే, చేయి తిరిగేదాకా చేయించడం. ఆరు నెలలకోసారి మళ్లీ.

రెండో చిక్కు ఎండ. అడ్రినలిన్ వెలుతురుకూ వేడికీ చెడిపోయే మందు. నీళ్లలా ఉండాల్సింది గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే పారేయాల్సిందే. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, ఎండలో ఆపిన బండి లోపల ఇంకెంతో ఎక్కువ. పోలీసు పెట్రోలింగ్ కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన ఆంప్యూల్ జూన్ దాకా నిలుస్తుందని నమ్మలేం. కానిస్టేబుళ్లకు వెంటనే ఇచ్చేయాలనే ఉత్సాహానికి ఇదొక్కటే గట్టి జవాబు. 2023 నుంచి రాష్ట్రంలో పోలీసులకు సీపీఆర్ నేర్పుతున్నారు, అది బాగానే పట్టుబడుతోంది. సీపీఆర్‌కు చేతులు చాలు. ఈ పనికి చల్లదనం కావాలి, గడువు తేదీ చూసే మనిషి కావాలి. మేడారం జాతర లాంటి చోట, వేల మంది పోలీసులూ తాత్కాలిక దవాఖానలూ ఒకే అడవిలో ఉండే నాలుగు రోజులు, డబ్బాలను క్యాంపు దవాఖానల నుంచి ఉదయం తీసి సాయంత్రం అప్పగించే పద్ధతిలో ప్రయత్నించి చూడొచ్చు. మామూలు రోజుల్లో మాత్రం వరస ఇలా ఉండాలి: ముందు ఏఎన్ఎం, పల్లె దవాఖాన సిబ్బంది. ఆ తర్వాత ఫోన్ అనుమతి లేకుండా 108 ఈఎంటీ. ఆపైన ఉపాధి హామీ పనులు జరిగే ఊళ్లలో, గీత సొసైటీల్లో శిక్షణకు ముందుకొచ్చినవాళ్లు.

ఉత్తర్వులో పని జరిగాక ఏం చేయాలో కూడా రాయకపోతే మిగతాదంతా వృథా. వాడిన ఆంప్యూల్‌కు బదులు మూడు రోజుల్లో కొత్తది పీహెచ్‌సీ నుంచి రావాలి. లేదంటే వాడితే ఖాళీ అవుతుందని దాచిపెడతారు, ఇది ఏ సబ్‌సెంటర్‌లోనైనా చూసే ముచ్చటే. సూది వేసిన ప్రతిసారీ ఏం కుట్టింది, ఎన్ని నిమిషాలకు తెచ్చారు, ఎంత వేశారు, మనిషి ఏమయ్యాడు అన్న నాలుగు గడులు నింపి మెడికల్ ఆఫీసర్‌కు పంపాలి. తప్పులు పట్టడానికి కాదని పై నుంచే చెప్పాలి. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ రిజిస్టర్ రెండు ఎండాకాలాలు నడిస్తే ఏ మండలంలో ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో కనిపిస్తుంది. కానిస్టేబుల్ చేతికి ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు ఆ గడులు చూసి తేల్చుకోవచ్చు.